జూన్ 21 సరే, మిర్చి కోతల్లో యోగా ఎవరికి?

2025 జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తీరం పొడవునా 3 లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేశారు. ప్రధాని మోదీ వచ్చారు, గిన్నిస్ రికార్డూ వచ్చింది. అంతకు ముందు మే 21 నుంచి నెల రోజులు ‘యోగాంధ్ర’ పేరుతో రాష్ట్రమంతా శిక్షణ నడిచింది. యోగా రోజువారీ అలవాటుగా మారాలన్నదే లక్ష్యమన్నారు. మంచిదే. మరి ఆ అలవాటు అవసరం ఎవరికి ఎక్కువ? ఈ ప్రశ్న విశాఖ బీచ్‌లో కాదు, ప్రకాశం జిల్లా దర్శి చేలల్లో అడగాలి.

జూన్ 21 నాటికి దర్శి చుట్టుపక్కల చేలు దాదాపు ఖాళీ. పత్తి పెట్టడానికి వాన కోసం ఆకాశం చూసే రోజులవి. ఒళ్లు హూనమయ్యేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా, మిర్చి కోతల్లో. పొద్దున్నే ఆటో ఎక్కిన ఆడకూలీలు సాయంత్రం దాకా నడుం వంచి కాయ కోస్తారు. కల్లంలో పనైతే గంటల తరబడి కింద కూర్చుని తాలుకాయలు ఏరాలి. ఘాటుకు దగ్గు, చేతులకు మంట. ఇంటికొస్తే పొయ్యి ఎదురుచూస్తుంటుంది. ఆమెతో ‘సెల్ఫ్ కేర్’ అంటే నవ్వుతుంది. ఆ నవ్వులో తప్పేం లేదు. ప్రభుత్వం తయారుచేసిన ఉమ్మడి యోగా కార్యక్రమానికి 45 నిమిషాలు కావాలి. ఆమె రోజులో అంత ఖాళీ ఎక్కడుంది?

అలాగని యోగా తీరిక ఉన్నవాళ్ల వ్యవహారం అనుకుంటే పొరపాటే. ఇప్పుడు అందరూ చెప్పుకునే ‘మైండ్‌ఫుల్‌నెస్’ సంగతే చూడండి. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆస్పత్రిలో జాన్ కబట్-జిన్ మొదలుపెట్టిన శిక్షణతో అది వైద్యంలోకి వచ్చింది. అందులో తేలికపాటి యోగా కూడా ఒక భాగం. అక్కడికి ఎక్కువగా వచ్చింది మందులతో తగ్గని నొప్పులు ఉన్న రోగులే. ఒంట్లో ఎక్కడ బిగుసుకుపోయిందో, ఊపిరి ఎలా ఆడుతోందో కాసేపు గమనించడం, మనసు పక్కకు పోతే మళ్లీ అక్కడికే తీసుకురావడం. పని అంతే. దీనికి మ్యాట్ అక్కర్లేదు, రికార్డు అసలే అక్కర్లేదు.

రోజంతా ముందుకు వంగిన నడుముకు సాయంత్రం మళ్లీ వంగి కాళ్లు పట్టుకునే ఆసనం ఎందుకు? వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని పది నిమిషాలు నిదానంగా ఊపిరి తీసి వదిలితే చాలు. కపాలభాతి లాంటివి బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు చేయకూడదు. కారం దుమ్ములో ఎవరూ చేయకూడదు. వేల మందిని వరుసలో నిలబెట్టి మైకులో చెప్పేటప్పుడు ఈ తేడాలు ఎవరు చూస్తారు?

మన ఇళ్లలో ఇంకో సందేహం కూడా ఉంది. 2015లో ముస్లిం పర్సనల్ లా బోర్డు సూర్య నమస్కారాలపై అభ్యంతరం చెప్పింది. వాటిని ఆ ఏడాది యోగా దినం కార్యక్రమంలో చేర్చలేదు. ఓంకారం తప్పనిసరి కాదని కేంద్రం తర్వాత చెప్పింది. స్కూళ్లలో యోగాను తప్పనిసరి చేయాలన్న పిటిషన్‌ను 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అయినా విశాఖ సభకు ముందురోజు 22 వేల మందికి పైగా గిరిజన విద్యార్థులతో రికార్డు కోసం చేయించింది సూర్య నమస్కారాలే. కాబట్టి ఆ సందేహాన్ని ఊరికే కొట్టిపారేయలేం. కానీ అటువైపు సౌదీ అరేబియా 2017లోనే యోగాను క్రీడగా గుర్తించింది. వెయ్యేళ్ల కిందటే అల్ బిరూనీ పతంజలి గ్రంథాన్ని అరబీలోకి తెచ్చాడు. మంత్రం వద్దనుకునేవాళ్లు మంత్రాన్ని వదిలేయొచ్చు, దాంతోపాటు ఊపిరిని, నడుమును వదులుకోనక్కర్లేదు. నమాజే యోగా అంటూ తిరిగే వాట్సాప్ మెసేజ్‌లు కూడా నాకు నచ్చవు. ఇబాదత్ వేరు, కసరత్తు వేరు.

అసలు జాగ్రత్త పడాల్సింది మరోచోట. ఒకప్పుడు క్వింటా 20 వేల పైన కూడా పలికిన మిర్చి ధర పడిపోతే, 2025 ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయల ధరతో మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. కౌలు కట్టి, మందుల షాపులో అప్పు పెట్టిన రైతుకు ఆ రాత్రి నిద్ర పట్టదు. అతనికి ‘ప్రశాంతంగా ఊపిరి పీల్చు’ అని మాత్రమే చెబితే అది వెక్కిరింతే. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో వ్యవసాయం మీద బతికే 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో 917 మంది ఆంధ్రప్రదేశ్‌వాళ్లు. ధర ఇవ్వాల్సినవాళ్లు ధ్యానం పంచిపెట్టి చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. గుండె దడ, నిద్రలేమి, చావు ఆలోచనలు వస్తుంటే ఆసనాలతో సరిపెట్టుకోవద్దు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. 2022 అక్టోబర్ నుంచి ఆ సేవ ఉంది.

ప్రభుత్వం నిజంగా రోజువారీ అలవాటే కోరుకుంటే దారి కష్టమేం కాదు. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల పనుల్లో యోగా ఎలాగూ ఉంది. జూన్‌లో మైదానానికి పిలిచే శిక్షకుల్ని కోతలకు ముందు డిసెంబర్‌లో దర్శి పల్లెలకు పంపాలి. ఆడవాళ్లకు ఆడవాళ్లే నేర్పాలి. పొద్దున ఆరింటికి ఆటో ఎక్కేవాళ్లను ఆరింటికి రమ్మంటే ఎవరూ రారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక చెట్టు కింద పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలకు కూలీ కోయకుండా చూసే పూచీ మాత్రం మేస్త్రీతో, రైతుతో ముందే మాట్లాడి తీసుకోవాలి.