పిడి కింద పేరు

సెమిస్టర్ పరీక్షలు అయ్యాక నలుగురం సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళాం. గంటలు కొట్టే గడియారం దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. జపాన్ గ్యాలరీలో మాత్రం మేమే. మావాళ్ళు సమురాయ్ కత్తుల ముందు ఫోటోలు దిగి, "పదరా, ఆకలేస్తోంది" అన్నారు. నాకు కదలబుద్ధి కాలేదు.

హాస్టల్‌కి వచ్చి ఆ కత్తుల గురించి చదివా. కమ్మరి ఒకరు, సానపట్టేవారు ఒకరు, ఒర చేసేవారు ఇంకొకరు. సానపట్టడానికే వారాలు పడుతుందట. కమ్మరి తన పేరు చెక్కితే, అది పిడి లోపలికి పోయే ముక్క మీద ఉంటుంది. పిడి ఊడదీస్తే తప్ప కనిపించదు.

అప్పుడు నాకు అనిపించింది ఇదీ: మ్యూజియం వస్తువును కాపాడుతుంది, పనిని కాపాడలేదు. అద్దం వెనక కత్తి ఇంకో మూడొందల ఏళ్ళైనా ఉంటుంది. దాన్ని చేసే చెయ్యి ఒక్క తరం ఆగితే చాలు, పోతుంది.

జపాన్ వాళ్ళు ఈ తేడా పట్టుకున్నారు. 1950లో తెచ్చిన సాంస్కృతిక సంపద చట్టంలో కట్టడాలు, శిల్పాలతో పాటు నైపుణ్యానికీ చోటిచ్చారు. గొప్ప పనివాళ్ళని అక్కడ 'నింగెన్ కొకుహో' అంటారు, అంటే సజీవ జాతీయ నిధి. పనిని మెరుగుపరుచుకోడానికి, శిష్యులకి నేర్పడానికి వాళ్ళకి ప్రభుత్వం ఏడాదికి 20 లక్షల యెన్‌లు ఇస్తుంది. ఇసే ఆలయాన్నైతే 20 ఏళ్ళకోసారి పక్క స్థలంలో కొత్తగా కడతారు. 2013లో కట్టింది 62వసారి, మళ్ళీ 2033లో. ఒకసారి పనిముట్లు అందించిన కుర్రాడు, వచ్చేసారికి మేస్త్రీ అవుతాడు. మన సీఎస్ఈ భాషలో చెప్పాలంటే, బ్యాకప్ మనుషుల్లోనే ఉంది.

"వీడియో తీసి యూట్యూబ్‌లో పెడితే సరిపోదా?" అన్నాడు మా రూమ్మేట్. యూట్యూబ్ చూసి ఎవరికైనా ఈత వచ్చిందా?

ఇదంతా నాకెందుకంటే, మా తాతయ్య నేత పని చేసేవారు. పోగు తెగితే చూడకుండానే వేళ్ళతో ముడేసేవారట. నాన్న గుమాస్తా ఉద్యోగంలో చేరారు, నేను కంప్యూటర్లకి వచ్చా. తాతయ్య నేసిన పంచె ఒకటి బీరువాలో కలరా ఉండలు వేసి భద్రంగా దాచాం. పోయినేడు ఆయన పోయారు. నేను ఒక్కటీ అడగలేదు. పడుగు, పేక అనే మాటలు కూడా ఈ వ్యాసం రాస్తూ నేర్చుకున్నవే.

మగ్గం మీద కడుపు నిండలేదు కాబట్టే నాన్న మానేశారు, ఆయన్ని తప్పుపట్టను. జపాన్‌లోనూ శిష్యులు దొరకడం కష్టంగానే ఉంది. అందుకే అంటున్నా, ఎక్కడ ప్రదర్శన పెట్టినా వస్తువు పక్కన పనివాళ్ళనీ కూర్చోబెట్టాలి, సరైన కూలి ఇచ్చి, నేర్చుకునేవాళ్ళతో సహా.

మీ ఇంట్లో చేతిపని తెలిసిన పెద్దవాళ్ళుంటే ఈ సెలవుల్లో ఓ పూట పక్కన కూర్చోండి. ఫోటో తర్వాత తీసుకోవచ్చు.