ఆ మంచు గోడ ఎవరిది?

ఈ చలికాలానికి అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తున్నామని మన సంఘంలో నలుగురు చెప్పారు. పచ్చళ్ళు ఎలా కట్టాలి, స్వెట్టర్లు ఎన్ని పెట్టుకోవాలి అని అడిగారు. ఆ సంగతులు వచ్చే సంచికలో రాస్తాను. ఈసారి ఎవరూ అడగనిది ఒకటి చెప్పాలి. వెళ్ళగానే అల్లుణ్ణో కొడుకునో ఒక్క మాట అడగండి: "ఇంటి ముందు మంచు పడితే తియ్యాల్సింది ఎవరు?" నవ్వుతారు. నవ్వనివ్వండి.

2016 జనవరిలో మా అమ్మాయి పురిటికి న్యూజెర్సీ వెళ్ళాం. వాళ్ళది టౌన్‌హౌస్. మా బరంపురం పాత వీధుల్లోలాగే గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళ వరస. కాలనీ మొత్తానికి ఒక హోమ్ ఓనర్స్ అసోసియేషన్. ఇల్లు కొన్నవాళ్ళు సభ్యులైపోవాల్సిందే, నాకొద్దు అనడానికి లేదు. నెలనెలా రుసుము కట్టాలి, కట్టకపోతే ఇంటి మీదే బాకీ పడుతుంది. ఆ డబ్బుతో గడ్డి కోయిస్తారు, వీధి దీపాలు చూస్తారు, చలికాలంలో మంచు తీయిస్తారు. ఇల్లు కొన్నప్పుడే లావుపాటి నియమావళి పుస్తకం ఒకటి చేతికిస్తారు. అందులో ఏది సంఘానిది, ఏది ఇంటివాళ్ళది అని రాసి ఉంటుంది. మా అల్లుడి పుస్తకం ప్రకారం కాలనీ రోడ్లు, కాలిబాటలు, గరాజు ముందు కారు దారి సంఘం బాధ్యత. గుమ్మం, గుమ్మం ముందు మెట్లు ఇంటివాళ్ళవి.

బుధవారం మనవరాలు పుట్టింది. శుక్రవారం ఇంటికి తెచ్చాం. ఆ రాత్రి మొదలైన మంచు శనివారమంతా కురిసింది. న్యూయార్కు సెంట్రల్ పార్కులో 27.5 అంగుళాలు పడింది. మా వీధిలోనూ రెండడుగులకు తక్కువ లేదు. కార్లు కనబడలేదు, తెల్లటి దిబ్బలు కనబడ్డాయి. మా వారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, సినిమా చూసినట్టు చూశారు.

పసిదాని ఒంట్లో కాస్త పసుపు కనిపిస్తోందని, సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి తెచ్చి రక్తపరీక్ష చేయించమని డాక్టరు చెప్పి పంపారు. మా కంగారల్లా అదే. అల్లుడు మాత్రం నిశ్చింతగా ఉన్నాడు. "మంచు ఆగిన 24 గంటల్లో మొత్తం తీసెయ్యాలని కాంట్రాక్టులో ఉంది, అత్తయ్యగారూ" అన్నాడు. అన్నట్టే ఆదివారం సాయంత్రం మనుషులొచ్చారు. కారు దారి శుభ్రంగా తీసి, ఉప్పు చల్లి వెళ్ళారు.

రాత్రి రెండు గంటలకు రోడ్డు తీసే బండి మళ్ళీ వచ్చింది. దాని ముందు ఏటవాలుగా పెద్ద ఇనప పలక ఉంటుంది. రోడ్డు మీది మంచును అది పక్కకు తోసుకుంటూ పోతుంది. ఆ తోసిన మంచంతా మా కారు దారి మొదట్లో అడ్డంగా గోడలా పడింది. పైనుంచి రాలిన మంచు దూదిలా ఉంటుంది. ఇది అలా కాదు, రోడ్డు మీద కరిగి, నలిగి, ఉప్పునీళ్ళు కలిసి, రాత్రి చలికి బిగిసి రాయిలా అయింది. నడుమెత్తు ఉంది.

తెల్లవారకుండానే అల్లుడు ఫోను పట్టుకున్నాడు. మేనేజ్‌మెంట్ కంపెనీ ఫోనులో మరమనిషి గొంతు. కంపెనీ నంబరు దొరకలేదు గానీ కాంట్రాక్టరు మనిషి దొరికాడు. ఆయన జవాబు వినండి. కారు దార్లు పూర్తయ్యాయి, సంతకం పెట్టించుకున్నాం. రోడ్డూ పూర్తయింది. మరి ఈ గోడ? అది రోడ్డూ కాదు, కారు దారీ కాదట! "నెలకింత కడుతున్నాం, మనం ముట్టుకోకూడదు, వాళ్ళే వచ్చి తియ్యాలి" అని అల్లుడు పట్టుబట్టాడు. న్యాయమే. కానీ గడియారం ఏడు దాటింది.

ఈ వాదనలో మా వారు గదిలో లేరని ఎవరం గమనించలేదు.

పక్కింట్లో ఎనభై ఏళ్ళావిడ ఒక్కతే ఉంటుంది. ఆవిడ తలుపు కొట్టి, "మీ ఆయన బయట కూర్చున్నారు, చూడండి" అంది. పరుగెత్తాం. గరాజులోంచి పార తీసుకుని వెళ్ళి ఆ గోడ తవ్వడం మొదలెట్టారట. గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నారు. అంత చలిలో నుదుటి నిండా చెమట. అప్పటికి నాలుగేళ్ళ క్రితం గుండెలో స్టెంటు వేయించుకున్న మనిషి! చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. అదే సమయంలో చేతులతో బరువెత్తితే రక్తపోటు, గుండె వేగం ఒక్కసారి పెరుగుతాయి. గుండెజబ్బు ఉన్నవాళ్ళు మంచు తవ్వకూడదని అక్కడి డాక్టర్లు ప్రతి చలికాలం చెబుతారట. ఆ సంగతి మాకు ఎవరు చెప్పారు గనక?

ఇంతలో ఎదురింటి గుజరాతీ అబ్బాయి, చివరింటి చైనా దంపతులు పారలు పట్టుకుని వచ్చారు. అల్లుడు నోరెత్తకుండా వాళ్ళతో కలిశాడు. ఇరవై నిమిషాల్లో కారు పట్టేంత సందు చేశారు. ఒకే కారులో బిడ్డనీ తాతనీ తీసుకెళ్ళాం. బిడ్డకు పసుపు కాస్త పెరిగింది గానీ భయం లేదు, మర్నాడు మళ్ళీ తెమ్మన్నారు. ఈయనకు ఈసీజీ, రక్తపరీక్షలు అన్నీ చేసి, గుండెపోటు కాదన్నారు. ఊపిరి పీల్చుకున్నాం. ఇన్సూరెన్సు వాళ్ళు మాత్రం పాత జబ్బుకు సంబంధించిన ఖర్చు మాకు చెందదన్నారు. బిల్లు అల్లుడు కట్టాడు. ఎంతో ఈనాటికీ నాకు చెప్పలేదు. వెళ్ళేవాళ్ళు పాలసీ కాగితంలో ఆ వాక్యం ఉందేమో తప్పకుండా చూసుకోండి. చాలా పాలసీల్లో ఉంటుంది.

మార్చిలో అసోసియేషన్ సభ జరిగితే నేనూ వెళ్ళాను, అల్లుడి పక్కన కూర్చుని విన్నాను. తగవు ముందు డబ్బు మీద. మంచు కాంట్రాక్టు ముఖ్యంగా రెండు రకాలట. ఒకటి మన మామిడితోట గుత్తకిచ్చినట్టు చలికాలం మొత్తానికి ఒకే ధర. మంచు తక్కువ పడితే లాభం కాంట్రాక్టరుది, ఎక్కువ పడితే నష్టమూ వాడిదే. రెండోది పడిన అంగుళాల లెక్కన చెల్లింపు. వీళ్ళది రెండోది. రెండంగుళాలు దాటితేగానీ బండి బయల్దేరదు. జనవరిలో ఒక్క తుఫానుకే ఏడాది సొమ్ము ముప్పాతిక వంతు ఖర్చైందని కోశాధికారి చెప్పారు. ఇంటికింత అదనంగా వేస్తామన్నారు. ఒకాయన లేచి అరిచాడు. అంగుళం పడగానే బండి రావాలని కొందరు, రుసుము ఒక్క డాలరు పెంచినా ఒప్పుకోమని కొందరు. ఆ రెండూ కావాలన్నవాళ్ళూ ఉన్నారు!

ఎవరైనా జారిపడితే పూచీ ఎవరిదని పక్కింటావిడ అడిగింది. బోర్డులో ఒకాయన వివరించాడు. 2011లో హోబోకెన్ ఊరి కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు, నివాస భవనం పక్కనున్న ప్రజల కాలిబాట మీద ఎవరైనా పడితే ఆ భవనం సంఘానికి పూచీ లేదంది. 2008 డిసెంబరులో 55 ఏళ్ళు దాటినవారి కాలనీలో ఒకావిడ లోపలి కాలిబాట మీద మంచుగడ్డకు జారిపడింది. కింది కోర్టులు ఇందులోనూ సంఘానికి పూచీ లేదన్నాయి. 2015లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ బాట సంఘం సొంతం, బాగుచేయించేది సంఘమే, కాబట్టి నడిచేవాళ్ళ క్షేమం చూడాల్సింది కూడా సంఘమేనంది. "అయితే మా కారు దారి ముందు గోడ?" అని అల్లుడు అడిగాడు. ఆయన పుస్తకం తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. అందులో గోడ లేదు.

మనవాళ్ళు అలా ఉండరని గొప్పలు పోవడానికి ఇది రాయడం లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి మా వీధిలో వేపచెట్టు అడ్డంగా పడితే, ఎవరి చెట్టని అడగకుండా తెల్లవారేసరికి పదిమంది గొడ్డళ్ళతో దిగారు. నిజమే. అదే వీధి చివర మురుగుకాలువ ఏటా పూడిపోతుంది. అది మునిసిపాలిటీది కదా! ముక్కు మూసుకుని దాటిపోయేవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

ఆ ఏడాది శరదృతువులో కాంట్రాక్టు తిరగరాశారు. రోడ్డు బండి ఆఖరిసారి తిరిగాక, కారు దార్ల మొదట్లో పడ్డ మంచు కూడా తియ్యాలని ఒక వాక్యం చేర్చారు. దానికి రుసుము నెలకు తొమ్మిది డాలర్లు పెరిగింది. మంచు పడ్డ రోజున పక్కింటావిడ మెట్లు మా అల్లుడు తీస్తాడు. అవి పుస్తకం ప్రకారం ఆవిడవి.

మా వారు ఇప్పటికీ డిసెంబరు వస్తే ఫోనులో బరంపురం వాతావరణం చూడరు, న్యూజెర్సీది చూస్తారు. అమ్మాయి ఫోను చేస్తే మనవరాలెలా ఉందని అడిగేలోపే, "ఎన్నంగుళాలు?" అంటారు.