మీటకు ముందు గాడి

1998లో హైదరాబాదున సైబర్ టవర్సు తలుపులు తెరచిన నాటినుండి మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో వరుసగా లేచిన అపార్టుమెంటులలో, పగలెల్ల కంప్యూటరు తెరతో కుస్తీపట్టి ప్రొద్దుపోయిన పిమ్మట ఇల్లు చేరు యువకులలో కొందఱు, భోజనము కాగానే మరల ఒక తెర ముందు కూర్చుండి శంషాబాదు రన్‌వేపై విమానమును దింపు సాధనలో మునిగియుందురన్న సంగతి గోడకావలి పొరుగువారికి సైతము తెలియదు. నన్ను బాబాయని పిలుచు అట్టి యువకుడొకడు కొండాపూరులోని తన ఫ్లాటునందు, మూడవ పడకగది గోడకానించి ప్లైవుడ్డుతో సగము విమానమును కట్టినాడు. ఆ సగములో నన్ను గంటలకొలది కూర్చుండబెట్టినది రివర్సు మీట. ఇంటిలో సిమ్యులేటరు కట్టుకొనువారు తక్కిన మీటల నెట్లు అమర్చుకొన్నను సరే, దీనిని మాత్రము కీబోర్డు బటనునకు అప్పగింపరాదని, అవసరమైనచోట చేతికి లొంగక మొరాయించు మీటగానే దీనిని నిర్మించుకొనవలెనని నా దృఢాభిప్రాయము.

రివర్సరనగానే ఇంజను వెనుకకు తిరుగునని పలువురు భావింతురు. అది సరికాదు. బోయింగ్ 737 ఇంజనులో ముందరి పెద్ద ఫ్యాను నెట్టు గాలిలో అధికభాగము నడుమనున్న మంటను తాకక, దాని చుట్టును ప్రవహించి వెనుకకు పోవుచుండును. విమానము నేలనంటిన పిమ్మట పైలట్టు రివర్సు మీట నెత్తగా, ఇంజను కవచపు వెనుకభాగము జరిగి, లోపలి పలకలు గాలిదారి కడ్డముగా వ్రాలి, ఆ చల్లని ప్రవాహమును ప్రక్కలనున్న జాలకములగుండ ముందునకు మళ్ళించును. నడిమి వేడిగాలి మాత్రము యథాపూర్వముగా వెనుకకే పోవును. తడిసిన రన్‌వేపై బ్రేకులు పట్టు తప్పునప్పుడు ఇది గొప్ప అండ. వేగము హెచ్చుగానున్నప్పుడే దీని ఫలమధికము గావున, చక్రములు తాకిన వెంటనే ఎత్తి, వేగము 60 నాట్ల చేరువకు రాగానే దించుట 737 పైలట్లకు అలవాటు.

ఇంతటి శక్తి అకాలమున మేల్కొన్నచో ఏమగునో లోకము చూచినది. 1991 మే 26న బ్యాంకాకునుండి వియన్నాకు బయలుదేరిన లౌడా ఎయిర్ వారి బోయింగ్ 767 ఆకాశమునందుండగనే ఎడమ ఇంజను రివర్సరు తెరచుకొని, విమానము థాయిలాండు అడవులలో కూలి 223 మంది మరణించిరి. దాని తరువాతనే రివర్సర్లకు మరియొక తాళము చేర్చిరి. మనకు సమీపమున, 2010 మే 22న, దుబాయినుండి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737 విమానము, 2,450 మీటర్ల రన్‌వేలో సగము దాటిన పిమ్మట నేలనంటినది. రివర్సర్లు తెరచిన తరువాత మరల పైకెగురుటకు యత్నము జరిగినదని, అది బోయింగ్ నిర్దేశించిన పద్ధతికి విరుద్ధమని విచారణలో తేలినది. 158 మంది అసువులు బాసిరి. ఎనమండుగురు మాత్రము బ్రతికి బయటపడిరి. రివర్సరు తెరచిన విమానము ఆగియే తీరవలెను, మరల ఎగురరాదు అన్న నియమము ఆ మీటకు ప్రాణము. 737లో నేలకు పది అడుగుల లోపునకు వచ్చినను, లేక చక్రములు నేలనంటినను గాని రివర్సరు తెరచుకొనదు; థ్రాటిలు అను పెద్దమీట పూర్తిగా ఐడిలునకు, అనగా కనిష్ఠశక్తి స్థానమునకు, రానిదే రివర్సు చిన్నమీట లేవనే లేవదు.

థ్రాటిలు ఐడిలునకు రానిదే చిన్నమీటను లేవనీయని ఈ తాళమునే మావాడు చేతితో కట్టినాడు. రాయదుర్గమునందు 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్‌లో ప్లైవుడ్డు పలకలను లేజరుతో కోయించి, రాణిగంజులో స్ప్రింగులను, కోఠీ గుజరాతీ గల్లీలో మైక్రోస్విచ్చులను ఏరి తెచ్చి, పెద్దమీట ప్రక్కన విల్లువలె వంగిన మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం పలకను కదలకుండ బిగించినాడు. చిన్నమీట తోకకొక మేకు కలదు. పెద్దమీట ఎచటనున్నను ఆ మేకు పలక అంచుపై జారుచుండును గావున చిన్నమీట పైకి రాదు. ఐడిలు స్థానమున మాత్రము, ఆకురాయితో రెండు సాయంకాలములు అరగదీసిన గాడి యొకటి కలదు. మేకు అందులో దిగినప్పుడే చిన్నమీట లేచును. మేకు గాడిలోనున్నంతసేపు పెద్దమీట ముందునకు సాగదు.

“లాగండి బాబాయ్, గట్టిగా లాగండి.”

“రావడం లేదురా.”

“రాకూడదు. అదే కావాలి.”

రెండు నిషేధములను ఒక్క గాడి నెరవేర్చుట చూచి నాకు కలిగిన ఆనందము ఇంతింత కాదు. మంగళూరు రన్‌వే చివర మనుష్యుని తొందరపాటును ఆపజాలని నియమము ఇచట మన మణికట్టునకు తగులును. కీబోర్డుపై ఎఫ్2 నొక్కిపట్టి రివర్సు తెచ్చుకొనువానికి అది ఎన్నటికిని తగులదు.

కంప్యూటరులోని ఏర్పాటు కొంత సులభము. చిన్నమీట ఇరుసునకు పొటెన్షియోమీటరును బిగించి ప్రత్యేకమైన యాక్సిసుగా చదివించి, మేకు గాడిలో దిగినట్లు మైక్రోస్విచ్చు సాక్ష్యమిచ్చినప్పుడే ఆ యాక్సిసును సిమ్యులేటరునకు పంపవలెను. పొటెన్షియోమీటరు విలువ నిలుకడగా నుండదు గనుక ఐడిలు దగ్గఱ కొంత డెడ్‌జోను, అనగా కదలికను లెక్కింపని మేర, విడువవలెను. ఎయిర్‌బస్సు కట్టువారికి పద్ధతి వేరు. అందు అదే మీటను, క్రిందనున్న పట్టు నెత్తి, ఐడిలునకు వెనుకకు లాగుదురు. ఉచితముగా లభించు ఫ్లైబైవైర్ ఏ320 అను సిమ్యులేటరు విమానములో ఐడిలు, రివర్సు ఐడిలు, ఫుల్ రివర్సు అను స్థానములను వేర్వేరుగా కొలిచి నిలుపుకొను పుట కలదు. దానిని ఓపికతో నింపక తొందరపడినవారే తమ విమానము నేలమీద మొరాయించుచున్నదని వగతురు.

ఇది ఆటయే కదా, ఇంత శ్రమ యేల యని అడుగువారు కలరు. వారి ప్రశ్నను నేను తేలికగా తీసికొనను. పగలంతయు శ్రమించినవానికి రాత్రి వినోదము కావలెను. కాని ఈ నగరము కేవలము వినోదించు నగరము కాదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి పైలట్లు సిమ్యులేటర్లపై శిక్షణ పొందిన కేంద్రము ఇచటనే వెలసినది; ఆదిబట్లలో బోయింగ్ 737 నిలువుతోకలు నేడు తయారగుచున్నవి. లోహమును, గాలిని, మానవహస్తమును ఇంతగా నమ్మిన ఊరిలో, కోడు వ్రాయు యువకుడు ఒక గాడిని ఆకురాయితో అరగదీయుట ఈ ఊరి స్వభావమునకు తగిన పనియే. ఇట్టి మీటలను తయారుచేసి అమ్మువారిలో కొందఱు రివర్సును ఒక బటనుతో సరిపెట్టుచున్నారు. కొనువారు తాళమును అడిగి కొనవలెను. ఇట్లు కట్టినవారు తమ కొలతలను దాచుకొనక, తెలుగులో వివరణలు వ్రాసిన చిత్రపటములను పదుగురికి పంచవలెను. తొమ్మిదవ తరగతి బాలుడు సైతము ఆ పటమును చూచి ప్లైవుడ్డుపై గీత గీయగలుగవలెను.

మావాడింకను ఒక ఇంజనుకే మీట కట్టినాడు. రెండవ ఇంజను పలకపై గాడి గుర్తును మొన్న పెన్సిలుతో గీచినాడు; దానికి కావలసిన గట్టి స్ప్రింగును ఈ శనివారము రాణిగంజునుండి తెచ్చియిచ్చెదనని మాట యిచ్చితిని.