మోకాలికి సూది వేయించుకొనేముందు



మొన్న ఆరాధన ముగిసిన తర్వాత మా సంఘములోని ఒక పెద్దమ్మ నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మోకాలికి మళ్ళీ సూది వేయించుకోవాలి. మావాడు అప్పు చేస్తానంటున్నాడు" అన్నది. ఆరు నెలల్లో అది నాలుగవ సూది. పోయినసారి వేయించుకొన్నాక నాలుగు రోజులు విపరీతమైన దాహం, నీరసం. ఆమెకు షుగరు ఉన్నది. సూది వేసినవారు అడగలేదు, ఈమె చెప్పలేదు.

నాట్లు, కలుపుతీతలు చేసి చేసి అరిగిన మోకాళ్ళు మన పల్లెల్లో ఇంటింటా ఉన్నవి. కనుక ఈ సంగతి తెలుసుకొనుట మంచిది.

కీలులోనికి వేసే మందు చాలావరకు స్టెరాయిడ్. అది వాపును, నొప్పిని కొన్ని వారాలు తగ్గిస్తుంది గాని అరిగిన గుజ్జును తిరిగి పెంచదు. 2017లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో 140 మందికి రెండేళ్ళపాటు, పన్నెండు వారాలకొకసారి, కొందరికి స్టెరాయిడ్, కొందరికి ఉప్పునీరు ఎక్కించారు. చివరకు నొప్పిలో తేడా లేదు; స్టెరాయిడ్ పొందినవారికే గుజ్జు ఎక్కువ అరిగింది. షుగరు ఉన్నవారికి సూది తర్వాత కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది. అరుదుగా కీలులో చీము పడుతుంది. జ్వరము, ఎరుపు, వాపు కనబడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

చిన్న గొట్టము పంపి అరిగిన కీలును కడిగే ఆపరేషన్ కూడ అంతే. 2002లో హ్యూస్టన్‌లో 180 మందిపై పరీక్షించగా, చర్మముపై కోత మాత్రమే పెట్టినవారికి, నిజముగా ఆపరేషన్ చేసినవారికి నొప్పిలో తేడా కనబడలేదు.

కీలు మార్పిడి వేరు. నడవలేని స్థితిలో ఉన్న అనేకులకు అది మేలు చేసింది. అయినా చీము పట్టుట, కాలిలో రక్తము గడ్డకట్టుట వంటి ప్రమాదాలున్నవి. కొందరికి నొప్పి మిగిలిపోతుంది. క్రింద కూర్చొనుట కష్టమౌతుంది. ఆపరేషన్‌కు ముందు మూడు నెలల్లో ఆ కీలులో సూది వేయించుకొంటే చీము భయం పెరుగుతుంది. ఆ సంగతి డాక్టరుగారికి దాచవద్దు.

కాబట్టి అడగండి: ఈ మందు పేరేమిటి? ఎన్నాళ్ళు పనిచేస్తుంది? వేయించుకోకపోతే ఏమౌతుంది? అడుగుట అమర్యాద కాదు.

పెద్దమ్మను పట్టణములోని ఎముకల డాక్టరుగారి దగ్గరకు తీసికొనివెళ్ళాము. ఆయన సూది వద్దని, తొడ కండరాలకు వ్యాయామము నేర్పి, బరువు తగ్గమన్నారు. నొప్పి పూర్తిగా పోలేదు. అప్పు మాత్రం తప్పింది. "మోకరించలేకపోతున్నానయ్యా" అని ఆమె కన్నీళ్ళు పెట్టుకొన్నది. కుర్చీలో కూర్చొని చేసినదీ ప్రార్థనేనమ్మా అన్నాను.