రాయి దొరికింది... పాట ఎవరు పెడతారు?

తొలకరిలో నాలుగు మంచి వానలు పడితే చాలు... కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి చుట్టుపక్కల ఎర్రచేలల్లో నడుములు వంగుతాయి. జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి, మద్దికెర... ఎటు చూసినా తలలు నేలకేసే. ఆ ఊళ్లవాళ్లే కాదు, అనంతపురం నుంచీ బళ్లారి వైపు నుంచీ కూడా సద్దిమూటలతో వచ్చి చెట్ల కిందా గుళ్ల దగ్గరా మకాం వేస్తారు. వాన నీటికి పైమట్టి కొట్టుకుపోతుంది, ఎండ తగలగానే రాయి తళుక్కుమంటుంది... అదీ ఆశ. చాలామంది ఒట్టి చేతులతోనే బస్సెక్కుతారు.

దొరికినవాళ్లకు మాత్రం అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. అమ్మేదెలా?

రాయిని చెంగున ముడివేసుకుని, నమ్మకమైన బంధువొకరిని తోడు తీసుకుని వ్యాపారి దగ్గరికి వెళ్లాలి. సీజన్లో వ్యాపారుల మనుషులే ఊళ్లలో తిరుగుతుంటారు. తూకం వాళ్లదే. రంగు బాగుందో లేదో, లోపల మచ్చ ఉందో లేదో చెప్పేదీ వాళ్లే. కొంత నగదు, కొన్ని తులాల బంగారం కలిపి ఇవ్వడమూ ఉంది. కాస్త గుండెధైర్యం ఉన్న రైతయితే నలుగురైదుగురు వ్యాపారుల్ని పిలిచి పాట పెడతాడు. కానీ ఆ నలుగురూ ముందే ఒక మాట అనుకుని వస్తే పాటకు అర్థమేముంది? 'వ్యాపారులు సిండికేటయ్యారు' అన్న మాట ఏటా వినిపించేదే.

గట్టిగా అడుగుదామంటే ఇంకో భయం. విషయం బయటికి పొక్కితే రాయిని ప్రభుత్వం తీసేసుకుంటుందేమోనని. అందుకే ఎంత తక్కువకైనా గుట్టుగా, తొందరగా అమ్మేసుకుంటారు. గుట్టు, తొందర... కొనేవాడికి ఇంతకంటే ఏం కావాలి!

ఈ గుట్టు ఇవాళ్టిది కాదు. పదిహేడో శతాబ్దంలో దక్కను వజ్రాల గనులకు వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ అక్కడి బేరం తీరును వివరంగా రాశాడు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారు. నడికట్టు గుడ్డ కింద చేతులు కలుపుతారు. చెయ్యి మొత్తం పట్టుకుంటే వెయ్యి. ఒక వేలు పట్టుకుంటే వంద. వేలు సగానికి పట్టుకుంటే యాభై, కొస కణుపు పట్టుకుంటే పది. నోటితో ఒక్క మాటా ఉండదు, పక్కనున్నవాడికి ధర తెలియదు. అన్నట్టు, కొనుగోలు మీద రాజుగారికి నూటికి రెండు వంతులు వెళ్లేదట!

గుడ్డ కింద బేరం ఒక్క వజ్రాలకే పరిమితం కాదు. పత్తికీ ధాన్యానికీ కూడా దేశమంతటా ఇదే పద్ధతి. తన సరుకు ఎంతకు పోయిందో రైతుకే తెలియని రోజులవి. దాన్ని వదిలించడానికి చట్టాలు వచ్చాయి. పత్తి మార్కెట్ల కోసం 1897లో బీరారులో, 1933లో మద్రాసు రాష్ట్రంలో. అప్పట్లో ఆదోని మద్రాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలోదే. 1953లో ఆంధ్రలో కలిసింది. ఆ తర్వాత 1966లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది.

దాని ఫలితం చూడాలంటే పత్తి సీజన్లో ఆదోని యార్డుకు వెళ్లాలి. కొనే వ్యాపారికి లైసెన్సు కావాలి. కమీషన్ ఏజెంటుకూ కావాలి. తూకం మీద నిఘా ఉంటుంది. మార్కెట్ ఫీజు కొన్నవాడే కట్టాలి. ఎక్కువ ధర వేసినవాడికే సరుకు. ఆ ధర నచ్చకపోతే రైతు అమ్మనని చెప్పొచ్చు. 2016లో మొదలైన ఈ-నామ్‌తో ధరలు కంప్యూటర్లో వేయడమూ వచ్చింది. యార్డులో మోసాలే ఉండవని కాదు. తూకం మీదా కోతల మీదా గొడవలు అక్కడా జరుగుతూనే ఉంటాయి. కానీ గొడవ పడటానికి ఒక ఆఫీసు ఉంది, అడగడానికి ఒక కార్యదర్శి ఉన్నాడు.

ఊరి సంతలో ఆశీలు వసూలు చేసుకునే హక్కుకు పంచాయతీ పాట పెడుతుంది. చెరువులో చేపలకూ పాటే. 2015 సవరణ తర్వాత కొత్త ఖనిజ గనులనూ ప్రభుత్వం వేలంలోనే ఇస్తోంది. సాలులో దొరికిన రాయికి మాత్రం పాట పెట్టే నాథుడు లేడు.

వజ్రానికి అలాంటి ఏర్పాటు ఎక్కడా లేదా అంటే, ఉంది. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో. అక్కడ ఎనిమిది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు చెక్కను నామమాత్రపు రుసుముకు పట్టాగా తీసుకుని తవ్వుకోవచ్చు. దొరికిన రాయిని ప్రభుత్వ వజ్రాల కార్యాలయంలో అప్పగించాలి. వాళ్లు తూచి, వెలకట్టి, రసీదు ఇచ్చి అందరి ముందూ వేలం వేస్తారు. రాయల్టీ, పన్ను పోగా మిగిలింది దొరికినవాడిదే. 2018లో ఒక కూలీకి దొరికిన 42.59 క్యారెట్ల రాయి అలా రెండు కోట్ల 55 లక్షలు పలికింది. అంటే క్యారెట్టు సుమారు ఆరు లక్షలు.

2021 మేలో చిన్నజొన్నగిరి రైతుకు దొరికిన 30 క్యారెట్ల రాయి కోటీ 20 లక్షలకు పోయిందని పత్రికల్లో వచ్చింది. క్యారెట్టు నాలుగు లక్షలన్నమాట. రాయికీ రాయికీ రంగూ నాణ్యమూ వేరు కాబట్టి రైతు మోసపోయాడనలేం. న్యాయమైన ధరే దక్కిందనీ చెప్పలేం. పక్కన ఇంకో ధర లేదు కాబట్టి.

పన్నాలోనూ అంతా సాఫీగా లేదు. రాయి అమ్ముడుపోకపోతే మళ్లీ వేలం దాకా ఆగాలి. చేతికి డబ్బు రావడం ఆలస్యమవుతుంది. రాయల్టీ ఎగ్గొట్టడానికి చాటుగా అమ్మేవాళ్లూ ఉన్నారు. ఇక్కడి కూలీ మాత్రం అన్నాళ్లు ఆగగలడా? అప్పులవాడు ఆగడు, విత్తనాల అదునూ ఆగదు. కాబట్టి పన్నా పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చిపెట్టినా కుదరకపోవచ్చు. వానాకాలం రెండు మూడు నెలలు తుగ్గలిలో ఒక నమ్మకమైన త్రాసు, రాయిని చూసి వెల చెప్పే నిపుణుడొకరు, తీసుకున్నట్టు ఒక రసీదు... ముందు ఈ మాత్రం ఏర్పాటైనా చేయొచ్చు. కొనేవాళ్లకు లైసెన్సు సంగతి తర్వాత చూడొచ్చు.

ఆదోని యార్డులో క్వింటా పత్తి అమ్ముకున్న రైతు ధర రాసిన చీటీతో ఇంటికెళతాడు. జొన్నగిరిలో జీవితానికి ఒక్కసారి దొరికే రాయిని అమ్ముకున్నవాడి చేతిలో చిన్న కాగితం ముక్కయినా ఉండదు.