బిడ్డ బాధ చెప్పుకొను భాష

పిల్లవానికి జ్వరము వచ్చినచో ఇరుగుపొరుగు వారితో చెప్పుకొందుము. ఏ డాక్టరు హస్తవాసి మంచిదో విచారింతుము. అదే పిల్లవాడు వారముల తరబడి నిద్రపోక, తినక, మూల కూర్చుండినచో వీధి తలుపు వేసికొందుము. హోసూరు ప్రాంతమున తరతరములుగా కాపురమున్న మన కుటుంబములలో ఈ దాపరికము మరింత హెచ్చు. కారణము తెలియనిది కాదు. మనము కొద్దిమందిమి, సంబంధములు ఆ కొద్ది యిండ్ల నడుమనే కలుపుకొనవలెను. "ఆ పిల్లను పిచ్చి ఆసుపత్రికి తీసుకొని పోయినారంట" అను మాట ఒక పెండ్లి పందిటిలో పుట్టి, మరుసటి పెండ్లి నాటికి ఊరూర తిరిగి వచ్చును.

నేనెఱిగిన యొక యింట పండ్రెండేండ్ల బాలిక కలదు. ఆరు మాసములు ప్రతి ఉదయము బడివేళకు కడుపునొప్పి యనుచుండెను. ఆదివారము మాత్రము నొప్పి లేదు. నులిపురుగులకు మందు వేసిరి, స్కానింగు తీయించిరి, దిష్టి తీసిరి, తాయెత్తు కట్టిరి. తుదకు దొంగనొప్పి యని రెండు దెబ్బలు వేసిరి. అంతటితో ఆమె నొప్పి మాట మానెను. అన్నము కూడ మానెను. అప్పుడు గాని కౌన్సెలింగునకు తీసికొనిపోలేదు.

అచ్చట మొదటి రెండు పర్యాయములును ఏమియు తేలలేదు. సలహాదారు ఓపిక గలవారే. తమిళమున మెల్లగా అడిగిరి. బాలికకు తమిళములో మంచి మార్కులు వచ్చుచుండెను గనుక భాష అడ్డమగునని ఎవరికిని తోచలేదు. ఆమె అన్నింటికిని ఏమియు లేదనెను. మూడవ మారు తోడు వచ్చిన అవ్వ వైపు తిరిగి తెలుగున నోరు విప్పెను: "ఇస్కూలు వాకిలి చూస్తేనే గుండె దడదడ అంటాది అవ్వా, చచ్చిపోతానేమో అనిపిస్తాది." పాఠము అప్పగించు భాష వేరు, భయము చెప్పుకొను భాష వేరని ఆనాడు ఆ గదిలోని వారందరికి తెలిసినది. ఇప్పుడామె బడికి పోవుచున్నది. కొన్ని దినములు మధ్యాహ్నమే తిరిగి వచ్చును. అందుకు ఉపాధ్యాయిని సమ్మతించినది.

అయితే భాషాభిమానులమైన మనము ఇచ్చట తొందరపడరాదు. మరియొక యింట పదునారేండ్ల బాలుడు తెలుగున ఒక్క మాటయు చెప్పలేక, ఇంగ్లీషున అంతయు చెప్పెను. తండ్రి తిట్టునది తెలుగున. ఆ మాటలతోనే తన సిగ్గును చెప్పుకొనుట వానికి సాధ్యము కాలేదు. తండ్రికి ఇది కష్టముగా తోచెను. తోచవచ్చును గాని, ఏ భాషలో మాటలాడుదువని అడుగవలసినది బిడ్డనే. మన సంఘాభిమానమును ఆ గది వెలుపల విడిచి పోవలెను.

ఇంకొక దురభ్యాసము గలదు. డాక్టరు భాష తమకు రాని తల్లిదండ్రులు, బిడ్డనే దుబాసీగా కూర్చుండబెట్టుదురు. తన రోగమును గూర్చి పెద్దలు చెప్పు నేరములను తానే తర్జుమా చేయవలసిన బిడ్డ సగము మింగివేయును. అట్లు చేయనక్కర లేదు. 2018లో అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, రోగమును చికిత్సను గూర్చిన వివరములను అర్థమగు భాషలో పొందు హక్కు ఇచ్చినది. గోప్యత హక్కును ఇచ్చినది. పెండ్లి పందిటి మాటలకు జడియువారు దీనిని గమనింపవలెను.

దూరమని వంకయు చెల్లదు. బెంగుళూరు నిమ్హాన్స్ హోసూరు రోడ్డు మీదనే యున్నది. మనకు నలుబది కిలోమీటర్ల లోపు. అచ్చట పిల్లలకు ప్రత్యేక విభాగము కలదు. అంత దూరమైనను పోకుండ జిల్లాలోనే చికిత్స అందవలెనని ఆ సంస్థవారు 1980ల దశకమున ప్రయోగము చేసినది, తెలుగువారు విరివిగా నున్న బళ్ళారి జిల్లాలో. 1996లో మొదలైన జిల్లా మానసికారోగ్య కార్యక్రమమునకు అదియే మాదిరి. ఇల్లు కదలలేనివారికి, 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలీ మానస్ కలదు. 14416 నంబరుకు రాత్రింబవళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును. ఎంచుకొనదగిన భాషలలో తెలుగును ఉన్నది. రెండు వారములకు మించి బిడ్డ నిద్ర, ఆకలి, ఆట తప్పినచో తడయరాదు. చావు మాట యెత్తినచో ఆ దినమే కదలవలెను, బెదిరింపని కొట్టివేయరాదు.

సంఘమునకు నా మనవి యొక్కటే. పెండ్లి సంబంధముల పట్టిక ఏటేట అచ్చు వేయుచున్నాము. తెలుగు తెలిసిన మనోవైద్యులు, సలహాదారులు హోసూరున, కృష్ణగిరిలో, బెంగుళూరులో ఎవరెవరు గలరో విచారించి, మరియొక పట్టికను కార్యాలయమున ఉంచవలెను. వచ్చి అడిగినవారి పేరు మాత్రము వ్రాసికొనరాదు.