మన మాట మీద మన నవ్వులా?



పోయిన నెల మన సంఘం వాట్సాప్ గ్రూపులో వైసీపీ నాయకుడు బొత్స సత్యనారాయణ గారి వీడియో ఒకటి తిరిగింది. శాసనమండలి ప్రసంగాన్ని ముక్కలు కోసి, ఆయన ఉత్తరాంధ్ర యాసను మళ్లీ మళ్లీ వినిపించి, వెనక నవ్వులు కలిపారు. దాని మీద గొడవ జరిగి రెండు కుటుంబాలు గ్రూపు వదిలి వెళ్లిపోయాయి. మొన్న సంక్రాంతికి పక్కపక్కన కూర్చుని అరిసెలు వత్తినవాళ్లు!

మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఆ వీడియో చూసి మా చిన్నది పడీపడీ నవ్వింది. ఆ సాయంత్రం విజయనగరం జిల్లా గరివిడి నుంచి మా అమ్మ ఫోన్లో "ఏటే గుంటా, బువ్వ తిన్నావేటి?" అంది. పిల్ల అదే నవ్వు నవ్వింది. అమ్మ కాసేపు ఆగి, "భోంచేశావా అమ్మా?" అని మెల్లగా అడిగింది. డెబ్భై దాటిన మనిషి మనవరాలి దగ్గర మాట సవరించుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బొత్స గారిని ఏమీ అనొద్దని నేననను. తప్పుడు వార్తలని తోస్తే పత్రికల మీద కేసులు పెట్టే అధికారం శాఖల కార్యదర్శులకిస్తూ 2019 అక్టోబరులో జీవో 2430 వచ్చింది. అప్పుడాయన మంత్రి. అడగండి, గట్టిగా అడగండి. కానీ ప్రసంగం మొత్తం విని అడగండి. ఆ యాస జోలికి వెళ్తే మా అమ్మ జోలికొచ్చినట్టే, మీ అమ్మ జోలికీ వెళ్లినట్టే.

ఇంకో మాట. 2025 జూన్‌లో టీవీ చర్చలో అతిథి అన్న మాటలకు, చర్చ నడిపిన కొమ్మినేని శ్రీనివాసరావు గారిని అరెస్టు చేస్తే మనలో కొందరు చప్పట్ల బొమ్మలు పెట్టారు. నాలుగు రోజులకే సుప్రీంకోర్టు విడుదల చేయమంది. 2023 డిసెంబరులో అమెరికా నుంచి వెళ్లిన తెలుగుదేశం కార్యకర్తను శంషాబాద్ విమానాశ్రయంలో సీఐడీ పట్టుకున్నప్పుడు చప్పట్లు ఇంకొందరివి. మనందరికీ ఊళ్లో పెద్దవాళ్లున్నారు, ఏటా దిగాల్సిన విమానాశ్రయం ఉంది. ఎందుకమ్మా ఈ చప్పట్లు?

వెళ్లిపోయిన రెండిళ్లకూ ఫోన్ చేశాను. పైడితల్లమ్మ పండగ భోజనాలకు వస్తామన్నారు.  వచ్చే సంచికకి పిల్లలు తమ అమ్మమ్మ, నానమ్మల నోటి మాటలు పది రాసి పంపాలి, ఎలా పలికితే అలాగే.